సిరామిక్‌కు లోహాన్ని లీకు లేకుండా అతికించడం ఎలా

ఎక్స్‌రే ట్యూబు, మైక్రోవేవ్ తరంగాలు పుట్టించే మాగ్నెట్రాన్, శూన్యంలో కరెంటును తెంచే వాక్యూమ్ ఇంటరప్టర్, గుండెకు అమర్చే పేస్‌మేకర్. వీటన్నిటిలోనూ ఒక చోట కరెంటు గోడ దాటాలి, గాలి మాత్రం దాటకూడదు. ఆ చోట ఉండేదే సిరామిక్-లోహ సీలు. గాజు సీళ్లు కూడా ఈ పని చేస్తాయి. కానీ ఎక్కువ వేడి, ఎక్కువ వోల్టేజీ, గట్టి కుదుపులు తట్టుకోవాల్సి వస్తే అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడు) సిరామిక్‌దే పైచేయి.

కొత్తగా ఈ పనిలోకి దిగేవారు సాధారణంగా ఫర్నేస్ మీదే దృష్టి పెడతారు. భాగాలను కరిగించకుండా, వాటి మధ్య వేరే లోహాన్ని కరిగించి అతికించడాన్ని బ్రేజింగ్ అంటారు. నిజానికి ఆ బ్రేజింగ్ లోహం కరిగి పారడానికి రెండు మూడు నిమిషాలు చాలు. సీలు బతుకుతుందా, చస్తుందా అన్నది ఆ తర్వాత చల్లారేటప్పుడు తేలుతుంది. సిరామిక్ ఎంపిక నుంచి జిగ్ (ఫర్నేస్‌లో భాగాలను సరైన చోట నిలిపే అమరిక) తయారీ దాకా కింద చెప్పే ప్రతి పనీ ఆ చల్లారే గంటలను దృష్టిలో పెట్టుకుని చేయాల్సిందే.

1. సిరామిక్ ఎంచుకోండి

మామూలు పనులకు 94 నుంచి 96 శాతం స్వచ్ఛత ఉన్న అల్యూమినా తీసుకోండి. ఎక్కువ డబ్బు పెట్టి 99.5 శాతం కొంటే ఇంకా మంచిదనిపిస్తుంది, కానీ ఇక్కడ లెక్క తిరగబడుతుంది. 94 శాతం సరుకులో మిగిలిన 6 శాతం సిలికా, కాల్షియం, మెగ్నీషియం ఆక్సైడ్లు కలిసి అల్యూమినా రేణువుల మధ్య పలుచని గాజు పొరగా ఉంటాయి. మనం వేయబోయే లోహపు పూతను పట్టి ఉంచేది ఆ గాజే. మరీ స్వచ్ఛమైన అల్యూమినాలో అది దాదాపు ఉండదు కాబట్టి సాధారణ పూత సరిగా పట్టదు. విద్యుత్ నష్టాలు బాగా తక్కువగా ఉండాలన్న కారణంతో స్వచ్ఛమైనదే వాడక తప్పకపోతే, పూతలోనే సిలికా వంటి గాజు పదార్థాలు కలపాలి.

కొలత కోసం డైమండ్ చక్రంతో గ్రైండింగ్ చేసిన ముక్కలకు ఉపరితలంలో కంటికి కనిపించని పగుళ్లు ఉంటాయి. బలంగా ఉండాల్సిన సీలైతే గ్రైండింగ్ తర్వాత ముక్కను మళ్లీ ఒకసారి 1400 డిగ్రీల సెల్సియస్ పైన కాల్చమని సరఫరాదారుడిని అడగండి. గాజు పొర మెత్తబడి ఆ పగుళ్లను చాలావరకు పూడుస్తుంది.

బెరీలియా (బెరీలియం ఆక్సైడు) సిరామిక్ వేడిని అద్భుతంగా లాగేస్తుంది. కానీ దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. దాన్ని గ్రైండింగ్ చేయడం, ఇసుకతో రుద్దడం ప్రత్యేక ఏర్పాట్లున్న చోట తప్ప చేయకండి.

2. లోహం ఎంచుకోండి, సంకోచం లెక్క వేయండి

ఈ దశను హడావిడిగా దాటేస్తే తర్వాత ఎంత నైపుణ్యం చూపినా లాభం ఉండదు. అల్యూమినా నొక్కితే విరగదు, లాగితే విరుగుతుంది. నొక్కుడును తట్టుకునే శక్తిలో చిన్న భాగం మాత్రమే లాగుడుకు ఉంటుంది. కాబట్టి చల్లారాక సిరామిక్ మీద నొక్కుడు ఉండేలా, లాగుడు లేకుండా చూసుకోవాలి.

ఉదాహరణకు 20 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న అల్యూమినా గొట్టం చుట్టూ స్టెయిన్‌లెస్ స్టీలు రింగును 780 డిగ్రీల దగ్గర బ్రేజింగ్ చేస్తున్నారనుకుందాం. గది ఉష్ణోగ్రత నుంచి ఆ వేడి వరకు సగటున అల్యూమినా ప్రతి డిగ్రీకి పది లక్షల్లో సుమారు 8 పాళ్లు, స్టెయిన్‌లెస్ స్టీలు సుమారు 18 పాళ్లు వ్యాకోచిస్తాయి. తేడా 10 పాళ్లు. దాన్ని 20 మిల్లీమీటర్లతోనూ, దాదాపు 760 డిగ్రీల తేడాతోనూ గుణిస్తే 0.15 మిల్లీమీటర్లు వస్తుంది. గదిలో బిగుతుగా కూర్చున్న రింగు ఫర్నేస్‌లో అంత వదులైపోతుంది, బ్రేజింగ్ లోహం ఆ సందును నింపలేక కిందికి జారిపోతుంది. చల్లారేటప్పుడు అదే 0.15 మిల్లీమీటర్లు సిరామిక్‌ను పిండుతుంది. బండి చక్రానికి ఎర్రగా కాల్చిన ఇనుప పట్టా తొడిగినట్టే ఇదీ. పట్టా బయట ఉన్నంతవరకు అది మనకు మేలే. కానీ రింగు మందంగా ఉంటే దాని అంచు దగ్గర సిరామిక్ వంగి, ఆ గీత వెంట లాగుడు పుడుతుంది, సరిగ్గా అక్కడే చీలుతుంది.

ఇక లోహం లోపల, సిరామిక్ బయట ఉంటే కథ పూర్తిగా వేరు. సిరామిక్ రంధ్రంలో మందపాటి స్టీలు పిన్నును నేరుగా బ్రేజింగ్ చేస్తే, చల్లారేటప్పుడు పిన్ను గోడను వదిలి లోపలికి ముడుచుకోవాలని చూస్తుంది. అంటే నేరుగా లాగుడే. దీనికి అందరూ వాడే ఉపాయం ఒకటుంది. పిన్నును రంధ్రంలో వదులుగా వదిలేసి, సిరామిక్ చివరన పలుచని టోపీ లాంటి లోహపు ముక్కను బ్రేజింగ్ చేసి, పిన్నును ఆ టోపీకి అతికించండి. కొలతల తేడాను టోపీ వంగి సర్దుకుంటుంది.

లోహాల్లో మొదటి ఎంపిక కోవార్. ఇనుములో 29 శాతం నికెల్, 17 శాతం కోబాల్ట్ కలిపిన ఈ మిశ్రమాన్ని 1930లలో వెస్టింగ్‌హౌస్ సంస్థలో హోవార్డ్ స్కాట్ గాజు సీళ్ల కోసం రూపొందించారు. సుమారు 435 డిగ్రీల వరకు ఇది అల్యూమినా కన్నా తక్కువగా వ్యాకోచిస్తుంది, ఆ పైన దాన్ని దాటేస్తుంది. అందుకే చల్లారేటప్పుడు మొదట ఒక దిశలో పుట్టిన ఒత్తిడిలో కొంత భాగం తర్వాతి దశలో రద్దవుతుంది. పైన చెప్పిన 20 మిల్లీమీటర్ల ఉదాహరణలో స్టీలుకు బదులు కోవార్ పెడితే మొత్తం తేడా 0.03 - 0.04 మిల్లీమీటర్లకు దిగుతుంది. సిరామిక్‌కు అతికే కోవార్ అంచును 0.25 నుంచి 0.5 మిల్లీమీటర్ల మందంలో ఉంచండి.

రాగి వ్యాకోచం అల్యూమినాకు రెట్టింపు పైనే. అయినా పలుచని రాగి గొట్టం బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే కాల్చిన రాగి మెత్తబడి సిరామిక్‌కు లొంగిపోతుంది. హైడ్రోజన్ ఫర్నేస్‌లో మాత్రం ఆక్సిజన్ లేని రాగినే వాడాలి. మామూలు రాగిలో ఉన్న ఆక్సిజన్‌తో హైడ్రోజన్ కలిసి లోపలే నీటి ఆవిరి తయారై, రాగిని లోపలి నుంచి పగలగొడుతుంది. నియోబియం వ్యాకోచం అల్యూమినాకు దాదాపు సమానం. హై ప్రెషర్ సోడియం దీపాల్లో సిరామిక్ గొట్టం చివర ఉండేది అదే, అక్కడ అతికించేది ప్రత్యేకమైన గాజుపొడి. టైటానియం, నియోబియం, టాంటలం మూడూ హైడ్రోజన్‌ను పీల్చుకుని పెళుసెక్కుతాయి, వాటిని వాక్యూమ్‌లోనే వేడి చేయండి.

3. దారి తేల్చుకోండి

రెండు దారులున్నాయి. మొదటిది మాలిబ్డినం-మాంగనీస్ పూత. సిరామిక్ మీద మాలిబ్డినం పూత కాల్చి లోహాన్ని అతికించే పద్ధతికి 1930లలో జర్మనీలో, టెలిఫుంకెన్ వంటి సంస్థల్లో పునాది పడింది. ఫర్నేస్ పనులు ఎక్కువే, కానీ పూత, దాని మీద నికెల్ పొర సిద్ధమయ్యాక మామూలు బ్రేజింగ్ లోహాలన్నీ చక్కగా పారతాయి. వందలు, వేల ముక్కలకు ఇదే సరైన దారి.

రెండోది యాక్టివ్ బ్రేజింగ్. వెండి-రాగి మిశ్రమంలో కొద్దిగా టైటానియం కలుపుతారు. ఆ టైటానియం అల్యూమినాలోని ఆక్సిజన్‌ను లాక్కుని, కరిగిన లోహం తడపగలిగే పలుచని పొరను తయారుచేస్తుంది. పూత లేదు, ప్లేటింగ్ లేదు, ఒకే కాల్పు. ప్రయోగశాలలో నాలుగు ముక్కలు కావాలన్నా, సిలికాన్ నైట్రైడ్ లాంటి ఆక్సైడ్ కాని సిరామిక్ అయినా దీన్నే ఎంచుకోండి. దీనికి రెండు షరతులున్నాయి. ఈ లోహం సందుల్లోకి దానంతటది పాకదు, ఎక్కడ కావాలో అక్కడే రేకుగా పెట్టాలి. వాక్యూమ్ 10⁻⁵ మిల్లీబార్ లేదా అంతకన్నా మెరుగ్గా ఉండాలి, లేకపోతే టైటానియం సిరామిక్‌ను చేరేలోపే మిగిలిన గాలితో కలిసిపోతుంది. నైట్రోజన్ కూడా పనికిరాదు.

యాక్టివ్ దారి పట్టినవారు 5, 6 దశలను వదిలేయవచ్చు.

4. శుభ్రం చేయండి

లోహ భాగాలకు నూనె వదిలించి, ఆమ్లంలో తేలికగా ముంచి, అయాన్లు తొలగించిన నీటిలో కడిగి ఆరబెట్టండి. సిరామిక్‌ను కడిగాక గాలిలో 1000 డిగ్రీల దగ్గర కాలిస్తే దానికి అంటిన సేంద్రియ మలినాలు మిగలవు. ఆ తర్వాత ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు.

ఇంకో మాట. కాల్చిన అల్యూమినా ఎంత గట్టిదంటే, స్టీలు పట్టకారుతో పట్టుకుంటే గీత పడేది సిరామిక్ మీద కాదు, అరిగేది పట్టకారు. తెల్లని ముక్క మీద కనిపించే సన్నని బూడిదరంగు గీత నిజానికి స్టీలు. అధిక వోల్టేజీ సీలు మీద అలాంటి గీత ఉంటే కరెంటుకు దారి వేసినట్టే. ప్లాస్టిక్ లేదా సిరామిక్ కొనలున్న పట్టకార్లు వాడండి.

5. పూత వేసి కాల్చండి

మాలిబ్డినం పొడి 80 పాళ్లు, మాంగనీస్ పొడి 20 పాళ్లు, బరువు లెక్కన తీసుకోండి. రేణువులు కొన్ని మైక్రాన్లకు మించకూడదు. పొడిని పట్టి ఉంచే నైట్రోసెల్యులోజ్ లేదా ఇథైల్ సెల్యులోజ్ బైండరు, తగిన ద్రావకంతో కలిపి బాల్ మిల్లులో కనీసం ఒక రోజంతా తిప్పండి. కుంచెతో, స్ప్రేతో, స్క్రీన్ ప్రింటింగ్‌తో ఎలా వేసినా ఫర్వాలేదు, మందం మాత్రం అంతటా ఒకేలా ఉండాలి. కాల్చాక 10 నుంచి 25 మైక్రాన్లు మిగిలితే చాలు. మందంగా వేస్తే పెళుసుగా ఊడుతుంది. పలుచగా వేస్తే బ్రేజింగ్ లోహం దాన్ని తినేస్తుంది. మిల్లులోంచి తీసిన పూతలో మాలిబ్డినం అడుగుకు దిగిపోతుంది కాబట్టి వాడుతున్నంతసేపూ కలుపుతూ ఉండండి.

ఇప్పుడు తడి హైడ్రోజన్‌లో 1400 నుంచి 1500 డిగ్రీల దగ్గర అరగంట నుంచి గంట కాల్చాలి. ఇక్కడ జరిగేది తెలిస్తేనే తప్పు ఎక్కడ వచ్చిందో పట్టుకోగలరు. హైడ్రోజన్‌లో కావాలనే కొంత నీటి ఆవిరి కలుపుతాం. ఆ ఆవిరి మాంగనీస్‌ను ఆక్సైడుగా మారుస్తుంది, అదే వాయువులో మాలిబ్డినం మాత్రం లోహంగానే మిగులుతుంది. మాంగనీస్ ఆక్సైడు సిలికా, అల్యూమినాలతో కలిసి తేలికగా కరిగే గాజవుతుంది. మాలిబ్డినం రేణువులు ఒకదానికొకటి అతుక్కుని స్పాంజిలాంటి వల ఏర్పడుతుంది. సిరామిక్ లోపలి గాజు, ఈ కొత్త గాజు రెండూ కలిసి ఆ వల రంధ్రాల్లోకి పైకి పాకుతాయి. చల్లారాక గాజు వేళ్లు లోహంలో, లోహపు వల గాజులో ఇరుక్కుపోయి ఉంటాయి. పట్టు అంటే ఇదే.

కాబట్టి ఆవిరి మోతాదే ప్రాణం. హైడ్రోజన్‌ను గది ఉష్ణోగ్రతలో ఉన్న శుద్ధమైన నీటిలోంచి బుడగలుగా పంపితే డ్యూ పాయింట్ (వాయువులోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) 20 - 30 డిగ్రీల మధ్య ఉంటుంది, 25 దగ్గర అది నూటికి సుమారు 3 పాళ్ల ఆవిరి. నీటి పాత్ర నుంచి ఫర్నేస్ దాకా ఉన్న గొట్టం చల్లగా ఉంటే ఆవిరి అందులోనే నీరై ఆగిపోతుంది. డ్యూ పాయింట్ కొలిచే మీటరును నీటి పాత్ర దగ్గర కాక ఫర్నేస్ ముఖం దగ్గర పెట్టండి. బాగా కాలిన పూత మెరుపు లేని వెండి బూడిద రంగులో ఉంటుంది, స్టీలు సూదితో గీస్తే పొట్టులా లేవదు. నల్లబడి ఉంటే చల్లారే దశలో గాలి తగిలిందేమో చూడండి.

హైడ్రోజన్ గాలిలో 4 నుంచి 75 శాతం మధ్య ఎంత ఉన్నా పేలుతుంది. వేడి చేసే ముందు, పని ముగిశాక నైట్రోజన్‌తో ఫర్నేస్‌ను పూర్తిగా కడగండి. బయటికి వచ్చే వాయువు దగ్గర మంట ఆరకుండా చూడండి. హైడ్రోజన్ మంట వెలుతురులో కనిపించదు, చేయి అడ్డుపెట్టి పరీక్షించకండి.

6. నికెల్ ప్లేటింగ్

మాలిబ్డినం మీద వెండి మిశ్రమం సరిగా పారదు. అందుకే 2 నుంచి 5 మైక్రాన్ల నికెల్‌ను కరెంటుతో ప్లేటింగ్ చేసి, పొడి హైడ్రోజన్‌లో 800 నుంచి 1000 డిగ్రీల దగ్గర కాల్చండి. కాల్చినప్పుడు బుడగలా ఉబ్బితే ప్లేటింగ్‌కు ముందు శుభ్రత లోపించిందని అర్థం, అలాంటి ముక్కను అక్కడే ఆపేయండి. కరెంటు లేకుండా రసాయనంతో వేసే నికెల్‌లో భాస్వరం ఉంటుంది, అది 880 డిగ్రీల దగ్గరే కరిగే పెళుసు మిశ్రమాన్ని తయారుచేస్తుంది. ఆ పద్ధతి జోలికి పోవద్దు.

కోవార్ భాగాలకు కూడా నికెల్ వేయండి. వంచి, నొక్కి తయారుచేసిన కోవార్‌లో ఒత్తిడి మిగిలి ఉంటే, కరిగిన వెండి దాని రేణువుల సరిహద్దుల వెంట చొచ్చుకుపోయి చీల్చేస్తుంది. ముందు కోవార్‌ను కాల్చి ఒత్తిడి తీసేయండి, తర్వాత ప్లేటింగ్ చేయండి.

7. బ్రేజింగ్ లోహం, జిగ్

ఎక్కువగా వాడేది 72 శాతం వెండి, 28 శాతం రాగి ఉన్న మిశ్రమం. అది 780 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరుగుతుంది. ఒకే పరికరానికి రెండు మూడు విడతల బ్రేజింగ్ ఉంటే మొదటి విడతకు ఎక్కువ వేడిలో కరిగేది, తర్వాతి విడతలకు తక్కువ వేడిలో కరిగేది ఎంచుకోవాలి. 82 శాతం బంగారం, 18 శాతం నికెల్ మిశ్రమం 950 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పేస్‌మేకర్లలో శుద్ధమైన బంగారమే వాడతారు. జింకు, కాడ్మియం ఉన్న మిశ్రమాలు వాక్యూమ్ పరికరాల్లోకి రానివ్వకండి, అవి ఆవిరై లోపలంతా పరుచుకుంటాయి.

బ్రేజింగ్ వేడి దగ్గర సందు 0.025 నుంచి 0.075 మిల్లీమీటర్లు ఉండాలి. గదిలో కొలిచిన సందు కాదు, 2వ దశ లెక్కతో వచ్చిన సందు. జిగ్ భాగాల వ్యాకోచం కూడా ఆ లెక్కలో కలపండి. స్టెయిన్‌లెస్ స్టీలు జిగ్ వాడితే ముందుగా గాలిలో కాల్చి ఆక్సైడు పొర ఎక్కించండి, లేకపోతే అదీ మీ సీలుతో పాటే అతుక్కుంటుంది. స్క్రూలతో బిగించడం కన్నా పైన చిన్న బరువు పెట్టడం నయం, వేడిలో భాగాలు స్వేచ్ఛగా కదలాలి.

8. కాల్చండి, ఓపికగా చల్లార్చండి

పొడి హైడ్రోజన్ డ్యూ పాయింట్ మైనస్ 40 కన్నా కింద ఉండాలి, మైనస్ 50 అయితే మేలు. అప్పుడు ఆవిరి పది లక్షల్లో 40 పాళ్ల దగ్గరికి వస్తుంది. నిమిషానికి 10 డిగ్రీల చొప్పున పెంచి, వెండి-రాగి మిశ్రమానికైతే 750 - 760 దగ్గర పది నిమిషాలు ఆపండి. మందపాటి భాగాలు పలుచని వాటిని అందుకోవాలి. ఆ తర్వాత 800 - 820కి పెంచి రెండు మూడు నిమిషాలు ఉంచితే చాలు. ఇంకా ఉంచితే నికెల్, దాని కింది పూత కరిగిన లోహంలోకి పోతాయి. వాక్యూమ్‌లోనైతే వెండి ఆవిరై సిరామిక్ మీద మసకగా పరుచుకుంటుంది. యాక్టివ్ మిశ్రమాలకు ఇంకా ఎక్కువ వేడి, కాస్త ఎక్కువ సమయం కావాలి. 1.75 శాతం టైటానియం ఉన్న వెండి-రాగి మిశ్రమాన్ని 830 - 850 దగ్గర కాలుస్తారు.

ఇప్పుడు తొందరపడకండి. గడ్డకట్టిన క్షణం నుంచి నిమిషానికి 5 నుంచి 10 డిగ్రీలకు మించకుండా దించండి. పెద్ద ముక్కలకు ఇంకా నెమ్మదిగా. ఫర్నేస్ తలుపు 200 డిగ్రీల దగ్గర తెరిచినా పలుచని లోహం ముందు చల్లారి, మందపాటి సిరామిక్ వెనకబడుతుంది.

9. లీకు చూడండి

మొదట హీలియం పరీక్ష చేయండి, రంగు ద్రవం పరీక్ష తర్వాత. రంగు ద్రవం సన్నని రంధ్రాల్లో చేరితే లీకు మూసుకుని కనిపించకుండా పోతుంది. సీలును లీకు డిటెక్టర్‌కు తగిలించి, బయటి నుంచి హీలియం చల్లండి. హీలియం గాలి కన్నా తేలిక కాబట్టి పైభాగం నుంచి మొదలుపెట్టి కిందికి రండి. సెకనుకు 1×10⁻⁹ మిల్లీబార్-లీటరు కన్నా తక్కువ అన్నది సాధారణంగా పెట్టుకునే హద్దు. ఆ వేగంతో ఒక ఘన సెంటీమీటరు గాలి లోపలికి చేరడానికి 30 ఏళ్లు పైనే పడుతుంది. పరికరం పనిచేసే వేడికి, చలికి కొన్నిసార్లు తిప్పి, మళ్లీ పరీక్షించండి. మొదటిసారి నెగ్గి రెండోసారి ఓడిన సీలులో లోపం అతుకులో కన్నా డిజైన్‌లో ఉండే అవకాశమే ఎక్కువ.

10. కొన్నిటిని విరగ్గొట్టి చదవండి

ప్రతి బ్యాచ్‌లో పరీక్ష కోసం అదనపు ముక్కలు పెట్టండి. లాగి విరిచే పరీక్షకు ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ రూపొందించిన ఎఫ్19 ప్రమాణం ఉంది. బలం ఎంత అన్న అంకె కన్నా ఎక్కడ విరిగిందన్నదే ఎక్కువ చెబుతుంది. అల్యూమినా ముక్క లోహానికి అంటుకుని ఊడి వచ్చిందంటే పట్టు సిరామిక్ కన్నా బలంగా ఉంది, మీకు కావాల్సింది అదే. పూత మొత్తం లోహంతో వచ్చేసి కింద తెల్లని సిరామిక్ శుభ్రంగా కనిపిస్తే గాజు పాకలేదు, పూత కాల్చిన వేడినీ డ్యూ పాయింట్‌నూ తనిఖీ చేయండి. నికెల్, పూత విడిపోతే ప్లేటింగ్‌కు ముందు శుభ్రత లేదు. బ్రేజింగ్ పొరలోనే బుడగలు కనిపిస్తే సందు పెద్దదైంది లేదా లోహం చాలలేదు. అతుకుకు కొద్దిగా పక్కన సిరామిక్ చుట్టూ రింగులా సన్నని చీలిక ఉంటే పూతనూ ఫర్నేస్‌నూ అనుమానించకండి. 2వ దశ లెక్క మళ్లీ వేయండి, లోహపు అంచును పలుచన చేయండి.

బ్రేజింగ్ పొరలో మాత్రమే లీకున్న ముక్కను అదే మిశ్రమపు సన్నని తీగ చుట్టి మరొక్కసారి కాల్చవచ్చు. రెండోసారి కూడా లీకైతే పక్కన పెట్టండి, ప్రతి కాల్పులోనూ నికెల్ కొంత తరుగుతుంది. యాక్టివ్ బ్రేజింగ్ ముక్కను మళ్లీ కాలిస్తే సాధారణంగా ఫలితం ఉండదు, ఎందుకంటే టైటానియం అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. చీలిన సిరామిక్‌నైతే ఏ కాల్పూ బాగుచేయదు. దాని నుంచి కోవార్ భాగాలను కోసి కొలతలు చూసుకుని, కొత్త సిరామిక్‌తో మళ్లీ 4వ దశ నుంచి మొదలుపెట్టండి.